బండల షెడ్డులో అత్తరు కొట్టు

మా శాఖా గ్రంథాలయంలో రాళ్ళ గురించి చాలా పుస్తకాలు ఉన్నాయి. రాతి పొరలు ఎలా ఏర్పడతాయో, ఏ కోటకు రాయి ఎక్కడి నుంచి తెచ్చారో, ఇంట్లో ఏ బండ పరిస్తే ఎండాకాలం చల్లగా ఉంటుందో అన్నీ చదివాను. కానీ ఆ బండను ఎత్తేటప్పుడు మనుషులు ఏమని అరుస్తారో, ఎందుకు నవ్వుతారో ఏ పుస్తకంలోనూ దొరకలేదు. లైబ్రేరియన్ మేడంను అడిగాను. ఆమె రిజిస్టరులోంచి తలెత్తి, "నాకు తెలిసి లేదమ్మా. నువ్వే రాయి. అలమరలో చోటు నేను చూస్తా" అంది.

ఇది ఎందుకు రాసి పెట్టాలంటే ఇంకో కారణం కూడా ఉంది. మొన్న దసరాకు మా షెడ్డుకు సొంత క్రేను వచ్చింది. గుమ్మడికాయ కొట్టి, పసుపు కుంకుమ పెట్టి, అందరం దాని ముందు నిలబడి ఫొటో దిగాం. మంచి యంత్రం. గుడ్డ బెల్టుతో ఎంత పెద్ద బండనైనా పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తుతుంది. ఇప్పుడు ఎవరి నడుమూ పట్టదు, ఎవరి వేలూ నలగదు. దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కాకపోతే దానికి పాట అక్కర్లేదు. మేము పాడినవి అప్పటికప్పుడు పుట్టినవి. ఒకసారి అన్న మాట రెండోసారి అనలేదు. కాబట్టి గుర్తున్నంతలో రాస్తున్నాను.

మా షెడ్డు కడప పొలిమేరలో ఉంది. గనుల నుంచి వచ్చే నల్లబండలను కోసి, పాలిష్ పట్టి, లారీలకెత్తి పంపుతాం. నా పని ఆఫీసు గదిలో కూర్చుని లారీ చీట్లు రాయడం. నేను బడిలో తొమ్మిదితో ఆపేశాను. మిగతాదంతా లైబ్రరీలో చదువుకున్నదే. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, గర్వం ఉంది. ఆదివారం లైబ్రరీకి పోకపోతే నాకు ఆ వారం తలస్నానం చేయనట్టే ఉంటుంది.

అప్పట్లో షెడ్డులో రెండు గుంపులు ఉండేవి. ఒకటి కడప గుంపు. వాళ్ళ మేస్త్రిని అందరూ భాయ్ అనేవాళ్ళు. పొట్టి మనిషి, గట్టి గొంతు, నోరు తెరిస్తే ఎవరినో ఒకరిని ఏడిపించకుండా మూయడు. రెండోది కోసిగి గుంపు. కర్నూలు జిల్లాలో పడమటి కొస నుంచి, వానలు లేక, ప్రతి ఏడూ పనికోసం ఊరు వదిలే వాళ్ళు. షెడ్డు వెనక రేకుల గదుల్లో కాపురం. వాళ్ళ మేస్త్రి పొడుగాటి నెమ్మది మనిషి. ఆయన భార్య పాలిష్ మిషను దగ్గర నీళ్ళు పట్టేది. వాళ్ళ కూతురు మా దగ్గరి బడిలో పదో తరగతి. అంతకుముందు ఆ పిల్ల చదువు ప్రతి ఏడూ సగంలో తెగేదట. ఏ ఊళ్ళో పని ఉంటే ఆ ఊరికి మూట కట్టాల్సిందే. ఈసారి మాత్రం మార్చి పరీక్షల దాకా కడపలోనే ఉంటామని తండ్రి మాటిచ్చాడు. ఆ పిల్ల ఆదివారాలు నాతోపాటు లైబ్రరీకి వచ్చేది. దారి పొడుగునా నేను మాట్లాడుతుంటే తను లెక్కలు చేసుకునేది.

శివరాత్రికి కొంచెం ముందు రాయచోటి నుంచి ఒక పెద్ద ఆర్డరు వచ్చింది. కల్యాణ మంటపానికి మెట్ల బండలు. పొడుగూ మందమూ ఎక్కువ. ఒక గుంపు బలం చాలదు, రెండు గుంపులూ కలిస్తేనే ఒక బండ లేస్తుంది. బాడుగ క్రేను తేవచ్చు గానీ, దాని గొలుసు తగిలి పాలిష్ అంచు పగిలిపోతుందని మా యజమాని, అంటే మా సారు, మనుషుల చేతులనే నమ్మేవాడు.

మొదటి బండ దగ్గరే గొడవ వచ్చింది. బండ ఎత్తేటప్పుడు ఒకరు పాట చెప్తారు, మిగతావాళ్ళు బదులు పలుకుతారు. కడప గుంపు "ఐసా" అంటుంది. అన్న క్షణంలోనే ఎత్తేస్తుంది. కోసిగి గుంపు "హైలేసా" అంటుంది. "హైలే" దగ్గర పట్టు బిగించి, "సా" అని గొంతు సాగినప్పుడు ఎత్తుతుంది. తేడా సగం ఊపిరి అంతే. విడివిడిగా పనిచేసినంత కాలం ఎవరికీ తెలియలేదు. ఆ రోజు బండకు తలవైపు కడపవాళ్ళు, కాళ్ళవైపు కోసిగివాళ్ళు నిలబడ్డారు. తల లేచింది, కాళ్ళు లేవలేదు. బండ జారి మూల పగిలింది. భాయ్ కాలి బొటనవేలు నలిగింది. వెంటనే పక్కకు దూకాడు కాబట్టి గోరుతో పోయింది.

"ఎత్తేది తెలీనోళ్ళను తెచ్చి నా కాలి మీద పెట్టినారు!" అని భాయ్.

"తొందరపడేటోళ్ళ కాలు కాక ఎవురి కాలు నలగల్ల?" అని కోసిగి మేస్త్రి.

అంతే. ఆ రోజు నుంచి మధ్యాహ్నం అన్నం దగ్గర కూడా రెండు నీడలయ్యాయి. ఆగి ఉన్న లారీ నీడలో కడపవాళ్ళు, రేకుల షెడ్డు నీడలో కోసిగివాళ్ళు. మధ్యలో నా ఆఫీసు కిటికీ. సంగటి ముద్ద ఒకవైపు, జొన్నరొట్టె ఒకవైపు, చూపులు మాత్రం రెండువైపులా కారం.

సారు రెండు రోజులు చూసి నన్ను పిలిచి చెప్పాడు. "వచ్చే ఆదివారం సాయంత్రానికి లోడు పోవల్ల. పోలేదనుకో, కోసిగోళ్ళను పంపించేస్తా. భాయ్ బంధువుల్లోనే ఇంకో గుంపుండాది, వాళ్ళను పిలిపిస్తా. ఒకే నోరు, ఒకే చెయ్యి."

ఆ మాట షెడ్డంతా పాకడానికి పూట పట్టలేదు. సాయంత్రం ఆ పిల్ల కిటికీ దగ్గరికి వచ్చి, "అక్కా, హాల్ టికెట్ ఈడ సెంటరుకే వస్తాదంట. మేము యాడికన్నా పోతే ఆడికి మార్చుకోవచ్చా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. నిజానికి మార్చరని తెలుసు.

ఈ రెండు గుంపులను నవ్వించగలిగితే కలుస్తారని నాకనిపించింది. ఎందుకలా అనిపించిందో చెప్పలేను. మా ఇంట్లో ఏ గొడవైనా అలాగే తీరేది, బహుశా అందుకే. లైబ్రరీ నుంచి ఒక జోకుల పుస్తకం తెచ్చాను. టీ వేళ రెండు నీడలకూ వినపడేలా ఆఫీసు మెట్టు మీద నిలబడి, గురువుకు తిక్క సమాధానాలు చెప్పే పిల్లవాడి జోకు ఒకటి చదివాను. ఎవరూ నవ్వలేదు. కాసేపటికి కోసిగి మేస్త్రి ఎంతో శ్రద్ధగా అడిగాడు.

"ఆ పిల్లోడు తర్వాత పాసైనాడా మేడం?"

అప్పుడు నన్ను అందరూ మేడం అనేవాళ్ళు. కిటికీకి అవతలి మనిషినని ఆ పిలుపులోనే ఉండేది.

జోకుల పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు, పక్క అలమరలో నాటకాల పుస్తకాల మధ్య పలచని పుస్తకం ఒకటి కనిపించింది. ముందుగా మాటలు రాసుకోకుండా రంగం మీద అప్పటికప్పుడు ఆడే వాళ్ళకోసం రాసిన శిక్షణ పుస్తకం. అట్ట ఊడిపోయి దారంతో కుట్టి ఉంది. అందులో సారం ఇది: ఎదుటివాడు ఏ మాట అన్నా కాదనకు. దాన్ని ఒప్పుకో. ఒప్పుకుని, నీ వంతు కొంచెం కలిపి తిరిగి ఇవ్వు. తెలివైన మాట కోసం వెతకొద్దు, ముందున్న మనిషిని చూడు. మా తోలుబొమ్మలాటలో నవ్వించే బొమ్మలు చేసేది ఇదే కదా అనుకున్నాను. కథ ఎక్కడున్నా ఆపి, ముందు వరసలో కునికేవాడి మీద మాట విసిరి, వాడిచ్చిన బదులుతోనే ఇంకో ఆట అల్లుతారు. చిన్నప్పుడు చూసినదానికి పుస్తకంలో నియమం దొరికినప్పుడు కలిగే సంతోషం చదివేవాళ్ళకు తెలుసు.

మొదటి ప్రయోగం మా ఆయన మీద. ఆయన ఆటో నడుపుతాడు. అన్నం కలుపుకుని, "చారులో ఉప్పు లేదు" అన్నాడు. మామూలుగా అయితే, ఉంది, నీ నాలుకే మొద్దుబారింది అనేదాన్ని. ఆ రోజు ఒప్పుకున్నాను.

"అవును, లేదు. ఉప్పు అలిగి పుట్టింటికి పోయింది."

ఆయన నా వైపు చూశాడు. జ్వరం వచ్చిందేమో అని చూసినట్టు. ఇంకో ముద్ద తిన్నాక అడిగాడు.

"పుట్టిల్లు యాడ?"

"సముద్రం."

"శానా దూరమే. సరే, నేనే పోయి బతిమాలి తీసుకొస్తా. వెయిటింగ్ చార్జి మాత్రం వాళ్ళ నాయన ఇయ్యల్ల."

"వాళ్ళ నాయన ఇస్తాడు. కానీ చిల్లర ఉండదు, అలలే ఇస్తాడు."

ఆయన చెయ్యి కడుక్కునేదాకా అలాగే సాగింది. ఆఖరికి చారు చప్పగా ఉన్నట్టు ఇద్దరం మరిచిపోయాం. నియమం పనిచేస్తుందని రుజువైంది.

మరునాడు మధ్యాహ్నం ఎండ రేకుల మీద చిటపటలాడుతోంది. భాయ్ వేలికి పట్టీ కట్టుకుని లారీ నీడలో కూర్చున్నాడు. నా కిటికీ వైపు చూసి గట్టిగా అన్నాడు.

"మేడం, మీ ఫ్యాను గాలికి మా చెమట కంపు లోపలికి వస్తాందేమో. తలుపు మూసుకోండి!"

కడపవాళ్ళు కిసుక్కుమన్నారు. ఇంతకుముందైతే తల వంచుకుని చీటీ రాసుకునేదాన్ని. అప్పుడు మాత్రం కిటికీ ఇంకా బార్లా తెరిచాను.

"వస్తాంది భాయ్. బాగుండాది. దీన్ని సీసాల్లో పోసి అత్తరు కొట్టు పెడితే ఎట్లుంటాదా అని ఆలోచిస్తాండా."

అప్పుడు అవతలి నీడ నుంచి, రొట్టె నములుతూ, తల ఎత్తకుండానే కోసిగి మేస్త్రి అన్నాడు.

"కొట్టు పెట్టండి మేడం. సీసాలకు మూత మాత్రం గట్టిది కావల్ల. లేకుంటే బజారు ఖాళీ అయితాది."

భాయ్ అటు తిరిగాడు. గొడవ తర్వాత ఆయన అటువైపు ముఖం పెట్టడం అదే మొదటిసారి.

"ఏమప్పా, మూత శాలుతాదా? మా సరుకుకు మూత కాదు, బండ పెట్టల్ల!"

"పెట్టొచ్చు. ఆ బండ ఎత్తేదెవురు?"

ఏ మాట అందరూ తప్పించుకు తిరుగుతున్నారో అదే మధ్యలో పడింది. ముందు భాయ్ పొట్ట కదిలింది. తర్వాత భుజాలు. తర్వాత ఆయన నవ్వు లారీ తొట్టికి తగిలి తిరిగి వచ్చింది. నవ్వుతూ నలిగిన వేలును నేలకు కొట్టుకుని "అమ్మా" అన్నాడు. దానికి రెండు నీడలూ కలిసి నవ్వాయి.

అలా కొట్టు తెరుచుకుంది. లేని కొట్టు. గోడలు లేవు, సీసాలు లేవు, కానీ మరుసటి రోజుకే దానికి పనివాళ్ళు ఎక్కువయ్యారు. ప్రతి మనిషికీ ఒక అత్తరు పేరు పెట్టాం. పట్టీ మందు వాసనకు భాయ్ "అయోడిన్ మల్లె". కోసిగి మేస్త్రి "జొన్నరొట్టె గులాబి". పొద్దున్నే బండి పొగతో వచ్చి నన్ను దింపి పోయే మా ఆయన "పొగ సంపెంగ". నన్ను ఏమనాలో పెద్ద చర్చ జరిగింది. చివరికి భాయ్ తేల్చాడు.

"పాత పుస్తకం. తెరిస్తే తుమ్ములొస్తాయి, కానీ మూయబుద్ధి కాదు."

నా జీవితంలో నాకు దొరికిన బిరుదు అదొక్కటే. 

కొట్టులో కొనేవాళ్ళు, బేరమాడేవాళ్ళు, సీసా వాసన చూసి కొనకుండా పోయేవాళ్ళు, అందరూ తయారయ్యారు. ఎవరు ఏ మాటతో వచ్చినా కాదనకూడదు, అదొక్కటే కొట్టు నియమం. ఒకరోజు కోసిగి మేస్త్రి భార్య వచ్చింది. ఆమె మాట్లాడగా విన్నవాళ్ళు తక్కువ. మిషను ఆపి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ, అంగడి ముందు నిలబడినట్టు భాయ్ ముందు నిలబడింది.

"ఎండిన మన్ను మీద తొలివాన పడితే ఒక వాసన వస్తాది చూడు. ఆ అత్తరుండాదా?"

కోసిగి వాళ్ళలో ఒకరిద్దరు నేల చూశారు. ఏం చెప్పినా తప్పేమో అనిపించే మాట అది. భాయ్ తొందరపడలేదు. తొందరపడేవాడని పేరున్న మనిషి, అంగడివాడిలా వెనక్కి తిరిగి, లేని అరలన్నీ వెతికి, లేని సీసాలు రెండు కదిపి, మళ్ళీ ఆమె వైపు తిరిగాడు.

"ఆ సరుకుకు శానా ఏండ్ల కిందటే ఆర్డరు పెట్టినామమ్మా. లారీ ఇంగా మీ కోసిగి దావ పట్టలేదు. డ్రైవరు యాడనో నిద్రపోయినాడు."

ముందు నవ్వింది ఆమే. "ఆ డ్రైవరు దొరికితే నాకు చూపించు, చెవు పట్టుకోని లేపుతా" అంది.

నేను ఊరుకోలేక, మన్ను వాసనతో అత్తరు ఉత్తరాదిన నిజంగానే చేస్తారని, లైబ్రరీలో చదివానని చెప్పాను. ఎవరూ నమ్మలేదు.

"పుస్తకంలో ఉండాదా?" అన్నాడు భాయ్.

"ఉండాది."

"అయితే ఆ పుస్తకం తెచ్చి కిటికీలో తెరిచి పెట్టండి. అందరం వాసన చూస్తాం."

నవ్వులు కలిశాయి గానీ బండ మాత్రం లేవలేదు. శనివారం వచ్చేసింది. ఒకరి పాటకు ఇంకొకరు ఎత్తనంటారు. భాయ్ చెప్తే కోసిగివాళ్ళకు ఊపిరి అందదు, కోసిగి మేస్త్రి చెప్తే కడపవాళ్ళు ముందే ఎత్తేస్తారు. ఆ మధ్యాహ్నం కోసిగి మేస్త్రే నా దగ్గరికి వచ్చాడు.

"నువ్వు ఏ గుంపూ కాదు కదా. నువ్వు చెప్పు పాట."

భాయ్ కూడా తల ఊపాడు. "పాత పుస్తకం చెప్పల్ల. తుమ్మొస్తే తుమ్ముకుంటా ఎత్తుతాం."

ఆడమనిషి ఎత్తుపాట చెప్పడం మా షెడ్డులో లేదు. లేదు కాబట్టి చేయకూడదని కూడా ఎవరూ అనలేదు. నేను ఇంటికి పోయి కూర్చుని, చదివిన చదువంతా పోసి, పాట రాసుకున్నాను. ఆదివారం పొద్దున లైబ్రరీ మానుకున్నాను. రెండు గుంపులూ బండకు చెరోవైపు వంగాయి. నేను కాగితం తెరిచి మొదలుపెట్టాను.

"శిలలోన నిదురించు శిల్పసుందరిని మేలుకొలుపగ వచ్చిన శ్రామిక వీరులారా, కండలే కొండలై, చెమటలే ముత్యాలై..."

వంగిన వీపుల నుంచి భాయ్ గొంతు వచ్చింది.

"మేడం! వంగినోళ్ళం వంగినట్టే ఉండాం. ఆ సుందరి లేచేదెప్పుడు?"

"ముత్యాలు కింద పడతాండాయి, తొందరగా ఏరుకోండి!" అని ఇంకొకరు.

అందరూ బండ వదిలి నడుములు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే గమనించాను, తప్పు నాదే అయినా ఎవరూ ఒకరినొకరు అనుకోలేదు. కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకున్నాను. తెలివైన మాట కోసం వెతకొద్దు, ముందున్న మనిషిని చూడు అని పుస్తకం చెప్పింది కదా. చూశాను.

"భాయ్, మీరు ఐసా అనంగానే ఏం చేస్తారు?"

"ఎత్తుతాం. మా తాతల నాటి నుంచి అంతే. అది మారదు."

కాదనకూడదు. "మార్చొద్దు. ఎత్తండి. మీ తల కొస మటుకు జానెడు ఎత్తి పట్టుకోండి. అన్నా, వాళ్ళు తల లేపితే మీకు కింద చేతులు దూర్చేదానికి సందు దొరుకుతాదా?"

కోసిగి మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని బండ కింద చూశాడు. "దొరుకుతాది. దొరికితే పట్టు బిగించి హైలేసా అనేలోగా మా కొస కూడా లేస్తాది."

"అయితే ముందు ఐసా, వెంటనే హైలేసా. రెండూ ఉంటాయి."

భాయ్ గడ్డం గోక్కున్నాడు. "అంటే మేం ముందు. వీళ్ళు వెనక."

"ముందుండేటోళ్ళ కాలే కదా నలిగేది" అన్నాడు కోసిగి మేస్త్రి, అంతే నెమ్మదిగా. ఈసారి ఆ మాటకు భాయ్ నవ్వి, పట్టీ కట్టిన కాలు వెనక్కి పెట్టుకుని వంగాడు.

నాకు కళ్ళ ముందు ఏముందో అదే అందుకున్నాను. లారీ తొట్టి మీద కాకి వాలి ఉంది.

"కాకి వచ్చె లారీ మీద" అన్నాను.

"ఐసా!" తల లేచింది. జానెడు. అవతల చేతులు దూరాయి.

"చూసేదానికి కూలి లేదు!"

"హైలేసా!"

బండ లేచింది. పలకలా, సమానంగా, తడబడకుండా లేచింది. వాళ్ళు లారీ దాకా నడిచేంతసేపూ పాట ఆగకూడదు. అన్నీ గాలిలో దొరికాయి.

"భాయి వేలికి పట్టీ చూడు!"

"ఐసా!"

"మల్లె పూస్తే అయోడిన్ కాసె!"

"హైలేసా!"

"రొట్టె తిన్న గులాబిరా!"

"ఐసా!"

"ముల్లు లేదు, కారముండాది!"

"హైలేసా!"

మూడో బండకల్లా వాళ్ళే మాటలు అందించడం మొదలుపెట్టారు. నేను సగం అంటే మిగతా సగం బండ కింద నుంచి వచ్చేది. కోసిగి మేస్త్రి భార్య మిషను ఆపి వచ్చి నా పక్కన నిలబడి, నాకు గొంతు పోయినప్పుడల్లా తను అందుకుంది. ఆమె పాట నా పాటకన్నా పొట్టిది, నా పాటకన్నా ఘాటుది. నా గురించి ఏమందో రాయను.

ఎండ దిగే వేళకు సారు బైకు మీద వచ్చాడు. లారీలో ఒక్క బండకు చోటుంది, ఆ బండ ఇంకా నేల మీదే ఉంది. అది చూసి ముఖం ముడిచి, భాయ్‌ను పక్కకు పిలిచాడు. పక్కకు అన్నమాటే గానీ అందరికీ వినపడింది.

"ఇంగా కాలేదా? నీ వాళ్ళను పిలిపించమంటావా?"

పిలిపిస్తే ఆయన బంధువులకు పని దొరుకుతుంది. కాదనడానికి ఆయనకు ఏ కారణమూ లేదు. రేకుల గది గడపలో పుస్తకం పట్టుకుని కూర్చున్న పిల్ల పేజీ తిప్పడం మానేసింది.

భాయ్ చుట్టూ చూశాడు. ఎవరి కోసమో వెతుకుతున్నట్టు నటించాడు.

"నా వాళ్ళు ఎవురు సార్? ఈడుండేటోళ్ళంతా కొట్టు భాగస్తులే. ఒకరు పోతే కొట్టు మూసెయ్యల్ల."

"ఏం కొట్టు?"

"మీరు రాండి సార్ మొదలు. బండికాడనే నిలబడినారు, ఆ పెట్రోలు వాసన చూసినాక మీకు పేరు పెట్టల్లంటే కష్టం కాదు."

అలా మా సారు "పెట్రోలు చందనం" అయ్యాడు. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. అయినా ఆఖరి బండకు ఒక చెయ్యి వేసి, "ఐసా" అనాల్సిన చోట "హైలేసా" అన్నాడు. లారీ రాయచోటి దారి పట్టింది. ఎవరూ ఎక్కడికీ పోలేదు. మరునాడు మధ్యాహ్నం ఒకటే నీడ. జొన్నరొట్టె సంగటి గిన్నెలో పడింది, సంగటి రొట్టె మీదికెక్కింది. నన్ను మేడం అని పిలవడం ఎప్పుడు మానేశారో గుర్తులేదు. అక్కా అన్నారు, అంతే.

లెక్కల పరీక్ష రోజు గురించి కూడా రాయాలి. పొద్దున్నే మా ఆయన ఆ పిల్లను సెంటరుకు తీసుకుపోవడానికి షెడ్డుకు ఆటో తెచ్చాడు. పిల్ల ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. నేను పక్కన కూర్చున్నాను. ఆటో కదలలేదు. స్టార్టరు ఎంత లాగినా దగ్గింది, ఆగింది. పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పొగ సంపెంగ ఆరిపోయిందే!" అని భాయ్ అరిచాడు. అప్పుడే పనికి వచ్చినవాళ్ళు క్యారియర్లు కింద పెట్టారు. కడపవాళ్ళు ఒక పక్క, కోసిగివాళ్ళు ఇంకో పక్క ఆటోకు చేతులు ఆనించారు.

"అక్కా, చెప్పు!"

నేను లోపల నుంచి తల బయటపెట్టి అన్నాను. "ఆటో కూడా చదవలేదు!"

"ఐసా!"

"రాత్రంతా నిద్రపోయె!"

"హైలేసా!"

ఆటో కదిలింది, తోసేవాళ్ళు పరిగెత్తారు, ఇంజను తుమ్మింది, అందుకుంది. అప్పుడు నా పక్క నుంచి, కళ్ళు తుడుచుకుని, ఆ పిల్ల తల బయటపెట్టి వెనక్కి అరిచింది.

"లెక్కల బండ నేనెత్తుతా!"

వెనక రోడ్డు మీద రెండు గుంపులూ ఏది ముందో ఏది వెనకో చూసుకోకుండా ఒకేసారి రెండు మాటలూ అరిచాయి. అంత గజిబిజి పాట నేను ఎప్పుడూ వినలేదు. అంత బాగున్నదీ వినలేదు. ఆ పిల్ల ఇప్పుడు కర్నూలులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది.

ఇది రాస్తున్నానని చెప్తే, అసలు పేర్లు వద్దు, కొట్టు పేర్లే రాయమన్నారు. కాబట్టి ఆ పేర్లతోనే చెప్పుకుంటాను. నలిగిన వేలుతో నవ్విన అయోడిన్ మల్లెకు, నెమ్మదిగా మాట విసిరి షెడ్డును కుదిపిన జొన్నరొట్టె గులాబికి నా కృతజ్ఞతలు. ఉప్పు కోసం సముద్రం దాకా పోతానన్న పొగ సంపెంగకు, అర్థం కాకపోయినా చెయ్యి వేసిన పెట్రోలు చందనానికి కృతజ్ఞతలు. అట్ట ఊడిన పుస్తకాన్ని పారేయకుండా దారంతో కుట్టి పెట్టిన లైబ్రేరియన్ మేడంకు మేము తర్వాత పెట్టిన పేరు "కర్పూరం ఉండ". పురుగు పట్టకుండా ఆమె అలమరల్లో అదే పెడుతుంది, ఆమెకు కృతజ్ఞతలు. సెలవులకు వచ్చినప్పుడల్లా ఈ కాగితాలు చదివి నా తప్పులు దిద్దిన "కొత్త సిరా"కు, అంటే ఆ పిల్లకు. ఇంకా, నా గొంతు పోయినప్పుడు పాట అందుకున్న వాళ్ళమ్మకు. ఆమెకు మాత్రం మేము వేరే పేరు పెట్టలేదు. ఆమె అడిగిన అత్తరు పేరే ఆమె పేరు, "తొలివాన". కిందటేడు ఆ లారీ డ్రైవరు నిద్ర లేచి ఒకసారి కోసిగి దావ పట్టాడట. ఆమె ఊరి నుంచి ఫోన్ చేసి, "సరుకు వచ్చింది, భాయ్‌కి చెప్పు" అంది. చెప్పాను. ఆయన ఫోన్ లాక్కుని, ముక్కుకు ఆనించుకుని, గట్టిగా ఊపిరి పీల్చాడు.